అనుమానించు: ఒక క్రియ పుట్టుక, నడక

తెలుగులో 'అనుమానించు' అనే క్రియకు నేడు మొదట తోచే అర్థం శంకించడం. మనిషి మీద నమ్మకం సడలినప్పుడు, జరిగినదాంట్లో ఏదో మర్మం ఉందనిపించినప్పుడు ఈ మాట వాడతారు. దీనికి మూలమైన 'అనుమానం' అనే సంస్కృత పదం మాత్రం శాస్త్ర గ్రంథాల్లో దాదాపు ఎదురు అర్థంలో కనిపిస్తుంది. కంటికి కనిపించే ఒక గుర్తును ఆధారం చేసుకుని, కనిపించని విషయాన్ని నిశ్చయంగా తెలుసుకునే మార్గానికి అక్కడ ఆ పేరు. శంకను తీర్చే సాధనం పేరు చివరికి శంకకే పేరైపోయింది. అరువు తెచ్చుకున్న మాటలకు తెలుగు ఇచ్చిన కొత్త అర్థాల్లో ఇంతగా తలకిందులైనవి తక్కువే.

పదాన్ని విడదీస్తే 'అను', 'మానం' అనే రెండు భాగాలు వస్తాయి. 'అను' ఉపసర్గకు వెంట, తరవాత అని అర్థం. అనుచరుడు, అనుసరణ, అనువాదం అన్న మాటల్లో ఉన్నది ఇదే. 'మానం' అనేది కొలవడం అనే అర్థమున్న 'మా' ధాతువు నుంచి వచ్చింది. ముందు గుర్తును తెలుసుకుని, దాని వెంట అసలు విషయాన్ని కొలవడం అనుమానమని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. ఇదే ధాతువు నుంచి పుట్టిన మాటలు తెలుగులో చాలా ఉన్నాయి. ప్రమాణం, ఉపమానం, పరిమాణం ఆ కుటుంబంలోవే. 'కొలమానం'లో తెలుగు 'కొల', సంస్కృత 'మానం' రెండూ పక్కపక్కనే నిలబడి ఒకే పని చేస్తున్నాయి. అవమానం, అభిమానం, బహుమానం చూడటానికి ఇదే కుటుంబంలా కనిపించినా, వాటి ధాతువు వేరు. అవి తలచడం అనే అర్థమున్న 'మన్' నుంచి వచ్చాయి. అలాగే 'అనుకొను'లోని తెలుగు 'అను'కూ ఈ ఉపసర్గకూ సంబంధం లేదు. అర్థాలు దగ్గరగా ఉండటం వల్ల ఆ రెంటినీ కలపాలని మనసుకు తోస్తుంది కానీ, ఆ పోలిక కాకతాళీయం.

సంస్కృత నామవాచకానికి 'ఇంచు' చేర్చి క్రియను తయారు చేసుకోవడం తెలుగుకు పాత అలవాటు. వ్యాకర్తలు దీన్ని ఇంచుక్కు అంటారు. ఊహ నుంచి ఊహించు, శంక నుంచి శంకించు వచ్చినట్టే అనుమానం నుంచి అనుమానించు వచ్చింది. క్రియ రూపం తెలుగుది, మూలం సంస్కృతానిది. అర్థం మాత్రం రెండింటి మధ్య పుట్టింది.

ఆ అర్థం ఎక్కడ బయల్దేరిందో తెలియాలంటే న్యాయదర్శనం దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ 'న్యాయం' అంటే కోర్టులు ఇచ్చేది కాదు, తర్కించే పద్ధతి. గౌతముడి న్యాయసూత్రాలు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెబుతాయి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఇంద్రియాలకు నేరుగా తెలిసేది ప్రత్యక్షం, పోలిక వల్ల తెలిసేది ఉపమానం, నమ్మదగినవారి మాట వల్ల తెలిసేది శబ్దం. ప్రత్యక్షాన్ని ఆసరాగా చేసుకుని దాన్ని దాటి వెళ్లేది అనుమానం. సూత్రకారుడు దీన్ని మూడు రకాలుగా విడదీశాడు. దట్టమైన మబ్బు చూసి వాన పడుతుందని తెలుసుకోవడం, అంటే కారణం నుంచి కార్యానికి వెళ్లడం, పూర్వవత్తు. ఏరు పొంగి, నీరు రంగు మారి ఉరకడం చూసి ఎగువన వాన కురిసిందని తెలుసుకోవడం శేషవత్తు. సూర్యుడు పొద్దున ఒకచోట, సాయంత్రం మరోచోట కనిపిస్తే, కదలడం కంటపడకపోయినా కదిలాడని తెలుసుకోవడం సామాన్యతోదృష్టం.

శేషవత్తును వివరించడానికి గోదావరి ఒడ్డువాళ్లకు గ్రంథం అవసరం లేదు. తమ ఊళ్లో చినుకు పడకపోయినా నదిలో ఎర్రనీరు దిగితే పైన వానలు మొదలయ్యాయని వాళ్లకు తెలిసిపోతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. ఆ అంకెలను చూసి దిగువ లంకలవాళ్లు సామాన్లు సర్దుకుంటారు. ఒకే కొలబద్ద దగ్గర నిలబడి ఎగువ వానను గుర్తించడం శేషవత్తు, దిగువ వరదను గుర్తించడం పూర్వవత్తు.

అనుమానం పొరపాటు పడదా అన్న ప్రశ్నను న్యాయసూత్రాలు దాటవేయలేదు. రెండో అధ్యాయంలో ప్రతిపక్షి వాదనను అవే ముందు పెట్టి తరవాత జవాబు చెబుతాయి. ఏరు పొంగింది వాన వల్లనే కానక్కర్లేదు, కింద ఎవరో కట్ట వేసి ఉండవచ్చు. చీమలు గుడ్లు మోసుకుపోతున్నది వాన రాబోతున్నందుకే కాకపోవచ్చు, ఎవరో పుట్టను చెదరగొట్టి ఉండవచ్చు. వినిపించిన నెమలి కూత నెమలిదే కానక్కర్లేదు, మనిషి అనుకరించి ఉండవచ్చు. కాబట్టి అనుమానం నమ్మదగింది కాదన్నది ఆక్షేపణ. జవాబు చాలా సూటిగా ఉంటుంది. కట్ట వేస్తే నిలిచిన నీరు, వానకు వచ్చిన వరద ఒక్క తీరున ఉండవు. వరద నీటికి వడి ఉంటుంది, నురుగు ఉంటుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. బెదిరి పరుగెత్తే నాలుగు చీమలు వేరు, బారులు తీరి గుడ్లు మోసే చీమలు వేరు. తప్పు అనుమానానిది కాదు, గుర్తును సరిగా చూడనివాడిదని సూత్రకారుడి తీర్పు. అనుమానమంటే తోచింది అనుకోవడం కాదనీ, ఓర్పుగా చూసే చూపు మీద ఆధారపడిన పని అనీ ఈ చర్చ కంటే బాగా చెప్పిన చోటు మరొకటి దొరకడం కష్టం.

తన కోసం తాను తెలుసుకునేది స్వార్థానుమానం, ఎదుటివాడిని ఒప్పించడానికి చెప్పేది పరార్థానుమానం. రెండోదానికి అయిదు అవయవాలు. కొండ మీద నిప్పు ఉంది అనడం ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది అనడం హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా అనడం ఉదాహరణ. ఈ కొండ కూడా అలాంటి పొగ ఉన్నదే అనడం ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది అని ముగించడం నిగమనం. దీనంతటికీ ఆయువుపట్టు మూడో మెట్టులో ఉన్న 'ఎక్కడ పొగో అక్కడ నిప్పు' అనే నియమం. దాన్ని వ్యాప్తి అంటారు. వ్యాప్తి ఒక వైపే నడుస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు తప్పదు కానీ, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి. ఇలా నియమాన్ని షరతులకు లోబరిచే మూడోదాన్ని తార్కికులు ఉపాధి అన్నారు. గుర్తు, నియమం రెండూ ఒకేసారి మనసులో కలిసి, నిప్పుతో విడరాని సంబంధమున్న పొగ ఈ కొండ మీద ఉంది అన్న తలంపు కలగడం పరామర్శ. ఆ పరామర్శ వల్ల పుట్టే నిశ్చయ జ్ఞానం అనుమితి.

ఈ పేర్లలో చాలావాటిని తెలుగువాళ్లు రోజూ పలుకుతూనే ఉంటారు, వేరే అర్థాల్లో. ప్రతిజ్ఞ బడిలో పిల్లలు చేయి చాచి చెప్పేది అయింది. ఉపాధి కూలి దొరికే పని అయింది, ఉపాధి హామీ పథకంలో చేరింది. వ్యాప్తి జబ్బులకు అంటుకుంది. పరామర్శ చావు ఇంటికో ఆసుపత్రికో వెళ్లి పలకరించి రావడం అయింది. పక్షం అంటే తార్కికుడికి నిప్పు ఉందో లేదో తేలవలసిన ఆ కొండ, పత్రికలకు అది అధికార పక్షమో ప్రతిపక్షమో. నిగమనం ఒక్కటే పాత అర్థానికి దగ్గరగా మిగిలింది. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో సూత్రం నుంచి ఉదాహరణకు వెళ్లడాన్ని నిగమన పద్ధతి అనీ, ఉదాహరణల నుంచి సూత్రానికి రావడాన్ని ఆగమన పద్ధతి అనీ నేటికీ బోధిస్తున్నారు. తర్కశాస్త్రం సొంత పరిభాష ఇంతగా వాడుక భాషలోకి కరిగిపోవడం చూస్తే, అనుమానం ఒక్కటే దారి తప్పిందని అనలేం. కుటుంబం మొత్తం ఊరు మారింది.

అనుమానం ప్రమాణమా కాదా అన్నదాని మీద భారతీయ దర్శనాల్లో శతాబ్దాల పాటు వాదం నడిచింది. చార్వాకులు ప్రత్యక్షాన్ని మాత్రమే ఒప్పుకున్నారు. పొగనూ నిప్పునూ కలిపి ఎన్నిసార్లు చూసినా, రేపు రాబోయే పొగను చూడలేదు కదా, నియమం ఎలా తేలింది అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. బౌద్ధ తార్కికులు ప్రత్యక్షం, అనుమానం అనే రెండింటితో సరిపెట్టుకుని, అనుమానానికి ఎక్కడలేని విలువ ఇచ్చారు. ఈ బౌద్ధ సంప్రదాయానికి పునాది వేసిన దిఙ్నాగుడికి ఆంధ్రదేశంతో సంబంధం చెబుతారు. 7వ శతాబ్దంలో దక్షిణాపథం చూసిన చైనా యాత్రికుడు యువాన్ చాంగ్, ఆంధ్ర రాజధానికి సమీపంలోని ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడని రాశాడు. మంచి హేతువుకు మూడు లక్షణాలు ఉండాలన్నది ఈ సంప్రదాయం పట్టుబట్టిన మాట. తేల్చవలసిన చోట అది ఉండాలి, తేల్చవలసిన విషయం, అంటే సాధ్యం, ఉందని తెలిసిన మరో చోటా ఉండాలి, సాధ్యం లేదని తెలిసిన చోట ఎక్కడా ఉండకూడదు. పొగ కొండ మీద ఉంది, వంటింట్లో ఉంది, చెరువులో లేదు.

14వ శతాబ్దంలో మిథిలకు చెందిన గంగేశుడు తత్త్వచింతామణి రాసి, న్యాయదర్శనంలోని కొత్త శాఖ అయిన నవ్యన్యాయానికి నిలకడ తెచ్చాడు. వ్యాప్తికి వచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటిగా తీసుకుని తప్పు చూపుతూ పోయిన ఆయన పట్టుదల ఆ తరవాతి తార్కికులకు ఒరవడి అయింది. ఆ విద్య బాగా కఠినమైపోయింది కూడా. దాన్ని మళ్లీ పిల్లలకు అందేలా చేసినవాడు తెలుగువాడు కావడం విశేషం. 17వ శతాబ్దపు అన్నంభట్టు ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్లి పేరు పొందిన పండితుడు. ఆయన తర్కసంగ్రహం చిన్న పుస్తకం. దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా ఆయనే రాసుకున్నాడు. ఈనాటికీ దేశమంతటా సంస్కృత పాఠశాలల్లో తర్కం చదవడం మొదలయ్యేది ఆ పుస్తకంతోనే. అనుమితి, పరామర్శ, వ్యాప్తి అనే మాటలు లక్షల మంది విద్యార్థుల నోట నానింది ఆయన వల్ల.

అన్నంభట్టు పక్షానికి చెప్పిన లక్షణంలో, అర్థం మారిపోవడానికి ఒక దారి కనిపిస్తుంది. సాధ్యం ఉందా లేదా అన్న సందేహం ఉన్న చోటే పక్షమని ఆయన నిర్వచనం. కొండ మీద నిప్పు ఎగసిపడుతూ కనిపిస్తుంటే అనుమానంతో పని లేదు. సందేహం ఉన్నప్పుడే అనుమానం పని మొదలుపెడుతుంది, నిశ్చయంతో ముగుస్తుంది. పండితుడి దృష్టి ముగింపు మీద ఉంది. సామాన్యుడి నోట ఆ మొదలే మిగిలి ఉంటుంది. కళ్లారా చూడనిదాన్ని గురించి అన్నమాట కాబట్టి, అనుమానం అంటే ఇంకా రుజువు కానిది అన్న ఛాయ సహజంగానే పెరుగుతుంది. అక్కడి నుంచి సందేహానికీ, సందేహం నుంచి మనుషుల మీద అపనమ్మకానికీ ఎంతో దూరం లేదు. 'అనుమానం పెనుభూతం' అనే సామెత నాటికి ప్రయాణం పూర్తయింది.

పక్క భాషల్లో ఈ మాట ఇంత దూరం వెళ్లలేదు, కన్నడంలో తప్ప. కన్నడిగులు కూడా అనుమానాన్ని సందేహం అనే అర్థంలోనే వాడతారు. తమిళంలో అది ఊహ, తర్కించి తెలుసుకున్నది అనే అర్థాల్లో నిలిచింది. హిందీలో అంచనా అయింది. వాతావరణ సూచనను హిందీలో 'మౌసమ్ పూర్వానుమాన్' అంటారు. అంచనా వ్యయం 'అనుమానిత్ లాగత్'. అదే 'అనుమానిత' తెలుగులోకి వస్తే ఠాణాలో కూర్చోబెట్టిన మనిషి అవుతాడు. రెండు భాషలూ తెలిసిన హైదరాబాదు వాళ్లు ఈ తేడాను రోజూ ఏ తడబాటూ లేకుండా దాటుతుంటారు.

అయితే తెలుగులో పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. క్రియ వాక్యంలో ఎలా అమరిందో చూస్తే అది బయటపడుతుంది. 'అతన్ని అనుమానించారు' అన్నప్పుడు కర్మ మనిషి, అర్థం అపనమ్మకం. 'షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు వచ్చినట్టు అనుమానిస్తున్నారు' అన్నప్పుడు క్రియ ముందు ఉన్నది ఒక విషయం. అక్కడ అధికారులు చేసింది కాలిన తీగలను, గోడ మీది మసిని చూసి కారణానికి వెళ్లడం. శేషవత్తు అంటే అదే, నిశ్చయం మాత్రం ఇంకా రాలేదు. 'నాకో అనుమానం' అంటూ క్లాసులో లేచే విద్యార్థిది మూడో అర్థం, అది ఉత్త ప్రశ్న. 

వైద్యంలో అనుమానం, నిశ్చయం అనే రెండు మెట్లూ స్పష్టంగా విడిపోయాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు, తగ్గుతున్న ప్లేట్‌లెట్లు చూసి డాక్టరు రాసేది డెంగీ అనుమానిత కేసు. రక్తపరీక్ష తేల్చాక అది నిర్ధారిత కేసు. పోలీసు భాషలో 'అనుమానాస్పద మృతి' ఇలాంటిదే. ఒకప్పుడు సీఆర్‌పీసీ 174వ సెక్షన్ కింద, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద అలాంటి మరణాల మీద విచారణ జరుపుతున్నారు.

కోర్టుల్లో ఈ మాట చరిత్ర మొత్తం ఒకచోట కనిపిస్తుంది. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో నిలబడలేదన్నది నేర న్యాయంలో స్థిరపడిన సూత్రం. ఆ వాక్యాన్ని గౌతముడికి యథాతథంగా వినిపిస్తే ఆయన ఒప్పుకోడు, ఆయనకు అనుమానం అంటేనే రుజువు. కానీ అదే కోర్టు, చూసిన సాక్షి లేని కేసుల్లో, పరిస్థితులనే సాక్ష్యంగా తీసుకుని శిక్ష వేస్తుంది. 1984లో సుప్రీంకోర్టు ఒక హత్య కేసు తీర్పులో ఇందుకు అయిదు నియమాలు పెట్టింది. ఆధారమైన ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అవి నేరం చేశాడన్న నిర్ణయానికి మాత్రమే పొసగాలి. నిశ్చయాన్ని కలిగించేంత గట్టివి కావాలి. నేరం కాక మరే వివరణకూ చోటు ఉండకూడదు. గొలుసులో ఒక్క లింకూ తెగకూడదు. ఏరు పొంగడానికి కట్ట కారణమా వానా అని అడిగిన పాత ప్రతిపక్షి ఇక్కడ ముద్దాయి తరఫు లాయరై నిలబడ్డాడు. చేస్తున్న పని అనుమాన ప్రమాణానిదే. దాన్ని అనుమానమని పిలవడానికి మాత్రం తెలుగు ఒప్పుకోదు.

ఆ ఖాళీని నింపడానికి తెలుగు ఇతర క్రియలను పిలుచుకుంది. ఊహించు అందులో మొదటిది. అమరకోశం ఊహను తర్కానికి పర్యాయపదంగా చెప్పింది. మీమాంసకులకు ఊహ అంటే ఒక యాగంలోని మంత్రాన్ని మరో యాగానికి తీసుకెళ్లినప్పుడు దేవత పేరును అందుకు తగినట్టు మార్చుకోవడం. తెలుగులో అది మెత్తబడి, ఆధారం ఉన్న తలపుకూ ఆధారం లేని కల్పనకూ ఒకటే మాట అయింది. 'ఊహ తెలిసినప్పటి నుంచి' అన్నప్పుడు అది ఏకంగా పసితనంలో వచ్చే మొదటి తెలివి. కొలతకు సంబంధించిన పాత భావాన్ని మోస్తున్నది మరొక అరువు మాట, తెలంగాణలో ఎక్కువగా వినిపించే 'అందాజు'. పారసీకంలో 'అందాజా' అంటే కొలతే. సంస్కృతం నుంచి వచ్చిన కొలత శంకగా మారితే, పారసీకం నుంచి వచ్చిన కొలత అంచనాగా నిలిచింది.

నిశ్చయానికి చేరడాన్ని చెప్పే పని మాత్రం ఒక అచ్చ తెలుగు క్రియకు దక్కింది, అది 'తేల్చు'. తేలు అంటే నీటి మీదికి రావడం. కన్నడంలోనూ ఇదే మాట, ఇదే అర్థం. కాలు నుంచి కాల్చు, మారు నుంచి మార్చు వచ్చినట్టే తేలు నుంచి తేల్చు వచ్చింది. పైకి వచ్చేలా చేయడం దాని మొదటి అర్థం. లెక్క తేలింది, విచారణలో తేలింది, కమిటీ తేల్చి చెప్పింది అన్న వాడుకల్లో నిజం అడుగున ఎక్కడో ఉందనీ, దాన్ని పైకి తేవాలనీ ఒక భావన ఉంది. దీనికి వ్యతిరేకంగా జనం వాడే మాట కూడా నీళ్లలోంచే వచ్చింది. ఎటూ చెప్పకుండా కాలం గడిపేవాడిని నాన్చుతున్నాడు అంటారు. అనుమానించు, తేల్చు ఇప్పుడు ఒకే వార్తలో మొదటి రోజు ఒకటి, చివరి రోజు ఒకటిగా కనిపిస్తాయి. న్యాయసూత్రాల్లో ఒక్క మాట చేసిన పనిని తెలుగు ఈ రెండు క్రియలకు పంచింది.